షూమాకర్ ఇప్పుడెలా ఉన్నాడు? మీ ప్రశ్నలు, మా జవాబులు

డిసెంబర్ నెలాఖరు వచ్చిందంటే ఈ శీర్షికకు ఫార్ములా వన్ (ఎఫ్1) కార్ల రేసుల్లో ఏడుసార్లు ప్రపంచ చాంపియన్ మైకేల్ షూమాకర్ గురించి ఉత్తరాలు ఎక్కువవుతాయి. 2013 డిసెంబర్ 29న ఫ్రాన్స్‌లోని మెరిబెల్ దగ్గర మంచుకొండల్లో స్కీయింగ్ చేస్తూ పడిపోయాడు, తల బండకు కొట్టుకుంది, అప్పటి నుంచి జనం ముందుకు రాలేదు. ఈసారి ఆ ఉత్తరాలన్నిటికీ ఒకేచోట జవాబు ఇస్తున్నాను. రాసినవాళ్ల పేర్లు వేయడం లేదు, అందులో ఒక ఉత్తరం చాలా సొంత విషయం కాబట్టి.

చిన్నప్పటి నుంచి ఆయన అభిమానిని. ఇన్నేళ్లలో ఒక్క ఫోటో లేదు, ఒక్క వీడియో లేదు. అసలెలా ఉన్నాడు? ఆ మాత్రం తెలుసుకునే హక్కు అభిమానులకు లేదా?
— ఒక పాఠకుడు, హనుమకొండ

ముందు కుటుంబం, వాళ్ల తరఫు మనుషులు చెప్పింది ఏమిటో చూద్దాం, నమ్మదగ్గది అదే కాబట్టి. గ్రెనోబుల్ ఆసుపత్రిలో రెండు ఆపరేషన్లు చేసి మందులతో కోమాలో ఉంచారు. 2014 జనవరి నెలాఖరులో మత్తుమందు తగ్గిస్తున్నామన్నారు. ఏప్రిల్‌లో అప్పుడప్పుడూ స్పృహ వస్తోందన్నారు. జూన్ 16న, ఇక కోమాలో లేడు, గ్రెనోబుల్ నుంచి బయటికి తీసుకెళ్లాం అని ప్రకటించారు, అక్కణ్నుంచి స్విట్జర్లాండ్‌లోని లోజాన్ ఆసుపత్రి, సెప్టెంబర్‌లో జెనీవా సరస్సు ఒడ్డున గ్లాండ్‌లో ఉన్న ఇల్లు. అప్పటి నుంచి చికిత్స ఇంటి నుంచే. 2019లో ఆయనకు 50 ఏళ్లు నిండినప్పుడు, మంచి చేతుల్లో ఉన్నాడు, మనుషులకు సాధ్యమైనదంతా చేస్తున్నాం, ఆరోగ్యం గురించి బయట మాట్లాడకపోవడం ఆయన కోరికే, అర్థం చేసుకోండి అని రాశారు. 2021లో వచ్చిన డాక్యుమెంటరీలో భార్య కొరీనా ఇంకొంచెం మాట్లాడింది: మైకేల్ ఇక్కడే ఉన్నాడు, మునుపటిలా లేడు, కానీ ఉన్నాడు, ఇంట్లో కలిసే ఉంటున్నాం, థెరపీ చేస్తున్నాం, రోజూ ఆయన్ని మిస్ అవుతూనే ఉంటాను అని. 2025 ఏప్రిల్‌లో మతిమరుపు జబ్బుల పరిశోధనకు నిధుల కోసం మాజీ చాంపియన్ జాకీ స్టీవర్ట్ హెల్మెట్ ఒకటి తీసుకుని, బతికున్న ఎఫ్1 ప్రపంచ చాంపియన్లందరి చేతా సంతకాలు పెట్టించారు. అందులో షూమాకర్ పేరులోని రెండు పొడి అక్షరాలు కూడా ఉన్నాయి, భార్య చేయి సాయంతో రాసినవి.

ఆ రెండు అక్షరాల ఫోటోని ఎంతసేపు చూశానో చెప్పలేను. నాకూ తెలుసుకోవాలనే ఉంటుంది. కానీ హక్కు అంటే మాత్రం ఒప్పుకోను. గెలుస్తున్న రోజుల్లోనే ఈ మనిషి ఇంటి గుమ్మం దగ్గరే కెమెరాలను ఆపేశాడు. కొడుకు మిక్ కార్టింగ్‌లోకి (పిల్లలు నేర్చుకునే చిన్న కార్ల రేసుల్లోకి) వస్తే ఇంటిపేరు కనపడకుండా తల్లి పుట్టింటి పేరుతో పోటీల్లో దింపారు. మైకేల్ ఎప్పుడూ మమ్మల్ని కాపాడాడు, ఇప్పుడు మేం ఆయన్ని కాపాడుతున్నాం అంది కొరీనా. ఒళ్లు బాగున్నప్పుడు ఆయన గీసుకున్న గీతే అది, ఒళ్లు బాగోలేనప్పుడు మనం దాన్ని చెరిపేయకూడదు. నిజంగా ఒక ఫోటో వచ్చిందనుకోండి, ఏం చేస్తాం? చెయ్యి ఎలా ఉంది, కళ్లు ఎటు చూస్తున్నాయి అని జూమ్ చేసి వెతుకుతాం, పది నిమిషాల్లో అది అన్ని గ్రూపుల్లోకీ వెళ్లిపోతుంది. దానివల్ల ఆయనకు ఒరిగేదేమీ లేదు.

కోమా నుంచి లేచాడన్నారు కదా. లేస్తే మాట్లాడాలి, నడవాలి. మరి ఎందుకు దాస్తున్నారు?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

సినిమాల్లో హీరో కళ్లు తెరవగానే 'అమ్మా' అంటాడు, అందుకే మనందరికీ అలా అనిపిస్తుంది. నిజానికి కోమా ముగియడం అంటే కళ్లు తెరవడం, నిద్రా మెలకువా అనే లయ తిరిగి రావడం, అంతే. మెలకువ వేరు, ఎరుక వేరు. కొందరికి మెలకువ వస్తుంది కానీ చుట్టూ ఏం జరుగుతోందో తెలుస్తున్న గుర్తులేవీ కనిపించవు. కొందరిలో ఆ గుర్తులు వచ్చి పోతుంటాయి, పొద్దున చెయ్యి నొక్కమంటే నొక్కినవాళ్లు సాయంత్రం నొక్కరు. ఇంకొందరికి అంతా తెలుస్తుంది, మాట మాత్రం రాదు, లేదా ఒకవైపు కాలూ చెయ్యీ పనిచేయవు. ఇంకొందరు లేచి తిరుగుతారు గానీ జ్ఞాపకం, కోపం, ఓపిక అన్నీ మారిపోయి ఇంట్లోవాళ్లకు కొత్త మనిషిలా ఉంటారు. షూమాకర్ వీటిలో ఎక్కడ ఉన్నాడన్నది ఆయన డాక్టర్లకూ ఇంటివాళ్లకూ సంబంధించిన విషయం, మనం ఊహించి రాయడం తప్పు. కుటుంబం కోమాలో లేడని మాత్రమే చెప్పింది, నడుస్తున్నాడని ఎప్పుడూ చెప్పలేదు. దాచడం అనకండి దయచేసి.

మా ఆయన బైక్ మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలి నాలుగు నెలలైంది. ఇంటికి తెచ్చుకున్నాం. కళ్లు తెరుస్తారు, చెయ్యి పట్టుకుంటే ఒక్కోసారి నొక్కుతారు, మాట లేదు. రోజూ చుట్టాలు వచ్చి మంచం చుట్టూ నిలబడి 'నేనెవర్నో చెప్పు, గుర్తుపట్టావా' అని అడుగుతారు. మా ఆడపడుచు కొడుకు వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. ఎందుకురా అంటే ప్రేమతోనే పెట్టాను కదత్తా అన్నాడు. షూమాకర్ భార్య ఎవరినీ రానివ్వదని మీరే రాశారు. ఆమెకు డబ్బుంది, గోడలున్నాయి. నాకేముంది?
— ఒక పాఠకురాలు, బాపట్ల జిల్లా

అమ్మా, మీ ఉత్తరం చదివాక మిగతా ఉత్తరాలు పక్కన పెట్టి చాలాసేపు కూర్చుండిపోయాను. నేను ఆటల గురించి రాసేవాడిని, డాక్టర్ని కాను, చికిత్స సంగతి మీ న్యూరో డాక్టరే చెప్పాలి. కానీ ఇలాంటి ఇళ్లలో మనుషులు ఎలా మెలగాలో ఆ వైద్యంలో ఉన్నవాళ్లు చెప్పేవి కొన్ని ఉన్నాయి, అవి చెప్తాను. మీ ఇంటికి వచ్చేవాళ్లకు ఈ పేజీ చింపి చూపించండి, నేనే చెప్పమన్నానని చెప్పండి.

దెబ్బ తిన్న మెదడు తొందరగా అలసిపోతుంది. ఐదుగురు ఒకేసారి మాట్లాడితే, పైన టీవీ మోగుతుంటే, ఆ హోరులో ఒక్క మాట కూడా పట్టుకోలేదు. అందుకని ఒక్కసారికి ఒక్కరు, ఐదు పది నిమిషాలు, టీవీ ఆపేసి. 'నేనెవర్ని' అని పరీక్ష పెట్టడం మానేసి, 'బావా, నేను రేపల్లె నుంచి వచ్చాను, మీ చెల్లెలి భర్తని' అని తామే చెప్పాలి. చెయ్యి నొక్కమని అడిగితే వెంటనే మళ్లీ అడగకుండా కాసేపు ఆగాలి, జవాబు రావడానికి టైం పడుతుంది. నొక్కలేదని ఆయన ముందే నిట్టూర్చి 'ఇంక ఇంతేనా' అనేవాళ్లను బయటికి తీసుకెళ్లండి. మాట రాకపోతే వినపడదని అర్థం కాదు.

ఇంకోటి, ఇది చాలా ముఖ్యం. ప్రేమకొద్దీ ఎవరో ఒకరు బత్తాయి రసమో పాలో స్పూన్‌తో నోట్లో పోయబోతారు. మింగడం సరిగ్గా ఉందని డాక్టరో స్పీచ్ థెరపిస్టో చూసి సరే అనేదాకా ఎవ్వర్నీ పోయనివ్వకండి, అది ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. పక్క మార్చి పడుకోబెట్టడం, కీళ్లు బిగుసుకుపోకుండా ఫిజియోథెరపీ, ఈ రెండూ రోజూ జరగాల్సినవి. చూడ్డానికి వచ్చిన బలమైన మేనల్లుడెవరైనా ఉంటే కుర్చీ వేసి కూర్చోబెట్టకండి, పక్క మార్చడానికి ఒక చెయ్యి వేయమనండి. వీడియో తీసిన అబ్బాయికి ఆ పని అప్పజెప్పండి, ప్రేమ ఉంది కదా, వాడే బాగా చేస్తాడు.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఏ రోజు, ఏ టైంకి, ఏం అడిగితే ఏం చేశారు: అద్దం కదిలిస్తే కళ్లు దానితో పాటు తిరిగాయా, చెప్పినప్పుడే నొక్కారా, ఊరికే నొక్కారా. డాక్టర్ చూసే కాసేపట్లో ఆయన మగతగా ఉండొచ్చు, రోజంతా పక్కనుండే మీ కంటికి పడింది డాక్టర్‌కు పనికొస్తుంది. డిశ్చార్జ్ కాగితాలు, స్కాన్లు, యాక్సిడెంట్ ఎఫ్‌ఐఆర్ కాపీ ఒకే కవర్లో ఉంచండి, సదరం సర్టిఫికెట్ ఎప్పుడు తీసుకోవచ్చో ఈసారి వెళ్లినప్పుడు అడగండి.

గోడల సంగతికి వస్తాను. షూమాకర్ కుటుంబానికి సబీనే కెమ్ అనే ఆమె ఉంది, మేనేజర్. చెప్పాల్సింది ఆమె చెప్తుంది, ఇంటివాళ్లు ఫోన్లు ఎత్తరు. ఆ పని చేయడానికి డబ్బు అక్కర్లేదు. మీ మామగారో అన్నయ్యో, మాట చెల్లే మనిషిని ఒకరిని అడగండి. వారానికి ఒకసారి గ్రూపులో నాలుగు లైన్లు ఆయనే పెడతారు, రావాలనుకున్నవాళ్లు ముందుగా ఆయన్నే అడుగుతారు, ఫోన్లు వరండాలో బల్ల మీద పెట్టి లోపలికి వస్తారు. మొదట నిష్ఠూరాలు వస్తాయి, రానివ్వండి. మీ ఆయన అడ్డు చెప్పలేని స్థితిలో ఉన్నారు కాబట్టి ఆయన తరఫున అడ్డు చెప్పాల్సింది మీరే, అది పొగరు కాదు. మీరు మధ్యాహ్నం ఒక గంటైనా నిద్రపోండి. ఎలా ఉన్నారో మళ్లీ రాయండి, అచ్చు వేయం, మేం చదువుకుంటాం.

హెల్మెట్ పెట్టుకున్నా షూమాకర్‌కి అలా అయింది. మరి బైక్ మీద హెల్మెట్ ఎందుకు అంటున్నాడు మావాడు. ఏం చెప్పాలి?
— ఒక తండ్రి, కర్నూలు

గ్రెనోబుల్ డాక్టర్లు చెప్పిన మాటే చెప్పండి: హెల్మెట్ లేకపోతే ఇక్కడిదాకా ప్రాణాలతో వచ్చేవాడే కాదు. ఆ దెబ్బకు హెల్మెట్ పగిలింది. పుర్రె పగలకుండా, దెబ్బ జోరు తగ్గేలా హెల్మెట్ కాపాడుతుంది. కానీ లోపల మెదడు నీరులాంటి ద్రవంలో ఉంటుంది, తల టక్కున ఆగినా అది ఆగకుండా ముందుకు వెళ్లి ఎముకకు తగులుతుంది, నెత్తురు గడ్డకడుతుంది, వాస్తుంది. వాచడానికి ఆ ఎముక పెట్టెలో చోటు ఉండదు, ఒత్తిడి పెరిగితే నెత్తురు అందక మిగతా మెదడు కూడా దెబ్బ తింటుంది. మొదటి ఆపరేషన్, మందులతో నిద్రపుచ్చడం, ఒంటి వేడి 34, 35 డిగ్రీలకు దించడం, మర్నాడు రెండో ఆపరేషన్‌లో నెత్తురుగడ్డ తీయడం, ఇవన్నీ ఆ ఒత్తిడి తగ్గించడానికే. ఇంకో సంగతి కూడా మీవాడికి చెప్పండి. ఆయనేమీ మితిమీరిన వేగంతో వెళ్లలేదని దర్యాప్తు చేసినవాళ్లు చెప్పారు. గుర్తు పెట్టిన రెండు దారుల మధ్య మంచులో బండలున్న చోటికి దిగాడు. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో బతికినవాడు సెలవు రోజు కొడుకుతో ఆడుకుంటూ పడ్డాడు. హెల్మెట్ పెట్టుకుని, గడ్డం కింద పట్టీ కూడా బిగించమనండి. పట్టీ లేని హెల్మెట్ పడగానే ఊడిపోతుంది.

'షూమాకర్ లేచి నిలబడ్డాడు, భార్య కన్నీళ్లు' అని వీడియో వచ్చింది. నిజమేనా?
— హైదరాబాద్, కాకినాడ, ఖమ్మం నుంచి పలువురు

కాదు. కుటుంబమో వాళ్ల మేనేజరో చెప్పనిదేదీ నమ్మకండి. 'సన్నిహిత వర్గాల సమాచారం' అని మొదలైతే అక్కడే ఆపేయండి.

ఈ కుటుంబం పడ్డ బాధలు వింటే మీకే కోపం వస్తుంది. ప్రమాదం జరిగిన మొదటి రోజుల్లోనే ఒకడు పాదరీ వేషం వేసుకుని ఆసుపత్రి గదిలోకి దూరబోయాడు. 2014 వేసవిలో వైద్య కాగితాలు దొంగిలించి అమ్మకానికి పెట్టారు. 2015 డిసెంబర్‌లో జర్మనీ పత్రిక బుంటే ఆయన మళ్లీ నడుస్తున్నాడని వేసింది, అబద్ధమని కుటుంబం చెప్పింది, చివరికి కోర్టు ఆ పత్రికను 50,000 యూరోలు కట్టమంది. 2023 ఏప్రిల్‌లో ఇంకో జర్మన్ పత్రిక డీ అక్టుయెల్ ముఖచిత్రం మీద ఆయన నవ్వుతున్న ఫోటో వేసి 'తొలి ఇంటర్వ్యూ' అని పెట్టింది. లోపల చూస్తే అదంతా ఏఐ తయారుచేసిన జవాబులు. మాట ఎలా ఉందో లోకానికి తెలియని మనిషి నోట్లో మాటలు పెట్టారు! ప్రచురణ సంస్థ క్షమాపణ చెప్పింది, ఎడిటర్‌ను తీసేసింది, తర్వాత 2,00,000 యూరోలు కట్టాల్సి వచ్చింది.

అన్నిటికంటే ఘోరం ఇంటి లోపలి నుంచే వచ్చింది. ఆ ఇంటికి కాపలాగా పనిచేసిన మనిషే ఇంకో ఇద్దరికి సాయపడ్డాడు, ఫోటోలూ వీడియోలూ బయటపెడతామని బెదిరించి కోటీ యాభై లక్షల యూరోలు అడిగారు. 2025 ఫిబ్రవరిలో వుప్పర్టాల్ కోర్టు ముగ్గురినీ దోషులని తేల్చింది, ముఖ్యుడికి మూడేళ్ల జైలు. కొరీనా బయటివాళ్లను ఎందుకు రానివ్వదో ఇప్పుడు అర్థమవుతుంది కదా. మీరు ఆ వీడియో తెరిచిన ప్రతిసారీ ఇలాంటివాళ్లకే గిరాకీ పెరుగుతుంది. తెరవకండి, పంపకండి.

నేను ఈ మధ్యే ఎఫ్1 చూడటం మొదలుపెట్టాను. హామిల్టన్‌కీ ఏడు టైటిళ్లు ఉన్నాయి, గెలుపులు ఇంకా ఎక్కువ. షూమాకర్ అంటే మీ తరానికి ఎందుకంత పిచ్చి?
— ఇంజనీరింగ్ విద్యార్థి, తిరుపతి

ఎందుకంటే మేం ఆయనతోనే మొదలుపెట్టాం తమ్ముడూ. ఆదివారం సాయంత్రం ఐదున్నరకు యూరప్ రేస్ మొదలయ్యేది, ఎర్ర కారు ముందు ఉండేది. తండ్రి తాపీమేస్త్రీ, కెర్పెన్ ఊళ్లో కార్ట్ ట్రాక్ చూసుకునేవాడు, తల్లి అక్కడే క్యాంటీన్ నడిపేది, పిల్లాడు ఆ ట్రాక్ మీదే పెరిగాడు. 1991లో బెల్జియంలోని స్పాలో మొదటి ఎఫ్1 రేస్‌కే ఏడో స్థానం నుంచి బయల్దేరాడు, క్లచ్ పోయి మొదటి ల్యాప్‌లోనే ఆగిపోయాడు, అయినా అందరి చూపూ ఆ కుర్రాడి మీదే. బెనెటన్ జట్టుతో 1994, 1995 టైటిళ్లు గెలిచి, హాయిగా అక్కడే ఉండిపోకుండా గెలవడం మర్చిపోయిన ఫెరారీకి వెళ్లాడు. 2000లో జపాన్‌లోని సుజుకాలో గెలిచేనాటికి ఫెరారీ డ్రైవర్‌కు టైటిల్ వచ్చి 21 ఏళ్లయింది. దాంతో కలిపి 2004 దాకా వరసగా ఐదు టైటిళ్లు, ఆ చివరి ఏడాది 18 రేసుల్లో 13 గెలుపులు. 1997లో హెరెజ్‌లో టైటిల్ కోసం తనతో పోటీపడుతున్న విల్నవ్ కారును ఢీకొట్టడం తప్పే, ఆ సీజన్ మొత్తం నుంచి డిస్‌క్వాలిఫై చేశారు, అదీ ఆయన కథలో భాగమే. కానీ 2000లో మోంజాలో, అంతకుముందు రేసులోనే ప్రాణాలు కోల్పోయిన సెన్నా 41 గెలుపులను సమం చేశాక, దాని గురించి అడిగితే విలేకరుల ముందే వెక్కివెక్కి ఏడ్చిన షూమాకర్‌ని చూస్తే నీకూ అర్థమవుతుంది. 2020లో హామిల్టన్ 91 గెలుపులతో ఆయన్ని సమం చేసినప్పుడు తండ్రి ఎర్ర హెల్మెట్‌ను మిక్ స్వయంగా అందించాడు. అంకెలు పోల్చడం కంటే ఆ ఘట్టం వెతుక్కుని చూడు.

ఇండియాలో ఎప్పుడైనా రేస్ చేశాడా?
— ఒక పాఠకురాలు, నెల్లూరు

చేశాడు. గ్రేటర్ నోయిడాలో 2011లో ఐదో స్థానం, 2012లో కూడా వచ్చాడు, అప్పుడు మెర్సిడెస్ కారు. ఇంకోటి, 2005 ఇండియానాపోలిస్‌లో టైర్ల గొడవతో ఆరు కార్లే పరుగెత్తిన రేస్ గుర్తుందా? షూమాకర్ గెలిచాడు, మన నరైన్ కార్తికేయన్ నాలుగో స్థానంలో వచ్చాడు.

కొడుకు మిక్ సంగతి?
— ఒక పాఠకుడు, కరీంనగర్

మెరిబెల్‌లో తండ్రితో పాటు స్కీయింగ్ చేస్తున్నాడు, అప్పటికి 14 ఏళ్లు. 2020లో ఎఫ్1కు కింది మెట్టయిన ఎఫ్2లో చాంపియన్, హాస్ జట్టులో రెండేళ్లు ఎఫ్1, తర్వాత గంటలకొద్దీ సాగే ఎండ్యూరెన్స్ రేసులు, ఆపైన అమెరికాలో ఇండీకార్. నాన్నా నేనూ ఇప్పుడు రేసింగ్ భాషలో మాట్లాడుకోగలిగితే చాలు, దానికోసం మిగతాదంతా వదులుకుంటానని పైన చెప్పిన 2021 డాక్యుమెంటరీలో అన్నాడు.

జర్మనీలో కొలోన్‌లో ఎంఎస్ చదువుతున్నాను. సెలవుల్లో ఫ్రెండ్స్‌తో స్విట్జర్లాండ్ వెళ్తున్నాం. గ్లాండ్‌లో ఆయన ఇంటి గేటు ముందు పువ్వులు పెట్టి ఒక ఫోటో దిగాలని ఉంది. తప్పా?
— ఒక విద్యార్థి, సొంతూరు రాజమహేంద్రవరం

మనసు మంచిదే, కానీ వెళ్లొద్దు బాబూ. 2014 జనవరి 3న ఆయన 45వ పుట్టినరోజుకు ఫెరారీ అభిమానులు గ్రెనోబుల్ ఆసుపత్రి బయట ఎర్ర బట్టల్లో, బ్యానర్లతో మౌనంగా నిలబడ్డారు. ఆ మౌనం నాకు చాలా నచ్చింది. కానీ అది ఆసుపత్రి, ఇది ఇల్లు. నాలుగు రోజులకే కొరీనా విలేకరులను బతిమాలుకుంది, ఆసుపత్రి వదిలి వెళ్లండి, మా కుటుంబాన్ని మా మానాన వదిలేయండి అని. మీరు ఇద్దరో ముగ్గురో అనుకుంటారు, అలా ఏడాదంతా వచ్చేవాళ్లు ఎంతమందో ఆ గేటుకు తెలుసు.

అసలు మీరు ఉన్న ఊళ్లోనే ఉండగా గ్లాండ్ దాకా ఎందుకు? కొలోన్‌లో పాత బుట్స్‌వైలర్‌హోఫ్ విమానాశ్రయం చోట మోటార్‌వరల్డ్ ఉంది. 2018 నుంచి షూమాకర్ సొంత కార్లు, హెల్మెట్లు, ట్రోఫీలు అక్కడ ప్రదర్శనకు పెట్టారు, కుటుంబమే ఇచ్చింది అభిమానుల కోసం, టికెట్ లేదు. ఆయన పెరిగిన కెర్పెన్ కూడా మీకు దగ్గరే. తెరిచి ఉండే వేళలు చూసుకుని వెళ్లండి. ఫోటోలు అక్కడ ఎన్నైనా దిగండి, రెండు మాకు పంపితే వచ్చే సంచికలో వేస్తాం.